ఎవరూ లేని నేల

పోయిన వేసవిలో మిషిగన్‌లోని నోవై ఊరికి పడమటగా కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో మా స్నేహితుడు శ్రీనివాస్ గృహప్రవేశం జరిగింది. ఆ ఇళ్ళ సముదాయం పేరు చివర బిల్డర్ ‘మెడోస్’ అని తగిలించాడు. గడ్డిమైదానాన్ని చదును చేసి తారు పోశాక దానికి గడ్డిమైదానమని పేరు పెట్టడం ఇక్కడి బిల్డర్ల ఆచారం. పోయినవాళ్ళ పేరు మనవలకు పెట్టుకోవడం లాంటిదన్నమాట. పంతులుగారు వచ్చేలోగా శ్రీనివాస్ మాకు ఇల్లంతా తిప్పి చూపించాడు. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్, వంటింటి మధ్యలో మంచమంత గ్రానైట్ బల్ల, వెనకవైపు చెక్కల డెక్. డెక్ మీద నిలబడి చెయ్యి బారజాపి, "ఇక్కడ ఇంతకుముందు ఏం లేకుండె వదినా. మొత్తం ఖాళీ. మేమే ఫస్ట్ వచ్చినం" అన్నాడు. ఆ చెయ్యి చూపిస్తున్న వైపు ఒక చిన్న వాగు వంపు తిరిగి ఉంది. ఆ వంపు నాకు తెలుసు. ఆ ఖాళీలో నేను రెండేళ్ళ పైచిలుకు కాపురం చేశాను. నా అంచనా తప్పు కాకపోతే, శ్రీనివాస్ గ్రానైట్ బల్ల ఉన్నచోట అప్పటి మా ఇంటి యజమానురాలు డాటీ గారి కోళ్ళగూడు ఉండేది. ఆవిడ పోయాక కూతురు క్యారల్ ఆ పొలమంతా బిల్డర్‌కి అమ్మేసిందని విన్నాను గానీ, నేను మళ్ళీ అటు వెళ్ళలేదు. శ్రీనివాస్‌తో ఏమీ అనలేదు. గృహప్రవేశం నాడు పాత గృహం సంగతి ఎత్తడం మర్యాద కాదు కదా.

నేను అమెరికా వచ్చిన కొత్తలో మాట ఇది. మా ఆయన ప్రభాకర్ కార్ల బంపర్లు డిజైన్ చేసే కంపెనీలో ఉండేవాడు. తెలుగువాళ్ళందరూ ఆఫీసుకి దగ్గర్లో ఒకే అపార్ట్‌మెంట్లలో, ఒకరి పోపు ఇంకొకరికి తగిలేంత దగ్గరగా ఉంటుంటే, ఈయనకు మాత్రం పొలంలో ఇల్లు కావాలనిపించింది. ఆయన పుట్టి పెరిగింది గుంటూరు ఊరి నడిబొడ్డున, బ్యాంకు క్వార్టర్లలో. అందుకే పొలమంటే అంత ప్రేమ. కిరాణా కొట్టు బోర్డు మీద ఇల్లు అద్దెకన్న చీటీ చూసి, నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. పాత రెండంతస్తుల చెక్క ఇల్లు, పక్కన రంగు వెలిసిన పశువుల కొట్టం, చుట్టూ పక్క రైతుకు కౌలుకిచ్చిన మొక్కజొన్న. తలుపు తీసిన డాటీ గారు పొడుగ్గా, సన్నగా, జూలై నెలలో కూడా స్వెటర్ వేసుకుని ఉంది. డెబ్భై దాటిన విధవరాలు. మా ఉద్యోగం గురించి అడగలేదు. మీది ఏ మతమని అడిగింది. లూథరన్ క్రైస్తవులమని చెప్పగానే ఆవిడ మొహం వికసించి, వెంటనే కొంచెం ముడుచుకుంది. ఆవిడ ప్రెస్బిటేరియన్, అదే మతంలో ఇంకో శాఖ. బళ్ళో అయితే చేరారు గానీ మంచి బళ్ళో చేరలేదు పాపం, అన్నట్టు చూసి, మేడ మీది వాటా మాకిచ్చింది.

ఆ ఆదివారమే నన్ను తన చర్చికి తీసుకెళ్ళి అందరికీ చూపించింది. వాళ్ళ అమ్మమ్మ చిన్నతనంలో ఇండియా పిల్లల కోసం ఉన్ని మేజోళ్ళు అల్లి మిషనరీలతో పంపేదట. ఆ మేజోళ్ళ ఫలితాన్ని నేనే అన్నమాట. అక్కడి ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ, నాకు అర్థమయ్యేంత నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడారు. గుంటూరు రోహిణీ కార్తెలో ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని మా పూర్వీకులు విశ్వాసంలో ఎలా నిలబడ్డారో నాకు ఆరోజే బోధపడింది.

ఆ ఇంటి వాసన నా ముక్కులో ఇంకా ఉంది. ఉడికిన క్యాబేజీ, తడిసిన ఉన్ని, చెక్క సామానుకు రుద్దే నిమ్మ వాసన పాలిష్, పొయ్యి పక్కన డబ్బాలో పేరుకున్న పందికొవ్వు. పొద్దున్నే ఆవిడ ఉప్పు వేసిన ఓట్స్ జావ తాగేది. చక్కెర వేసుకోవడం బలహీనుల లక్షణమట. టీ మాత్రం నల్లగా, గుర్రానికి పట్టేంత చిక్కగా కాచేది. నా వంట గురించి ఆవిడ ఒక్కనాడూ మాట అనలేదు. నేను మేడ మీద తాలింపు వేస్తే, కింద జనవరి మంచులో కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడేది, అంతే. చేపల పులుసు నాడు రెండు కిటికీలు. "చాలా రుచిగా ఉంటుందనుకుంటాను" అనేది ఎప్పుడైనా, రుచి చూడకుండానే. అప్పట్లో ఆ కిటికీ చప్పుడుకి నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మాకూ సొంత ఇల్లుంది. ఇంటికి వాసన పట్టకుండా పోపు పెట్టే పొయ్యి గరాజ్‌లో పెట్టుకున్నాం. ఎవరైనా వస్తున్నారంటే కిటికీలు నేనే తెరుస్తున్నాను.

ఆదివారం ఆ ఇంట్లో బట్టలు ఉతక్కూడదు, సూదీ దారం ముట్టకూడదు, టీవీ పెట్టకూడదు. బంగాళాదుంపలు శనివారమే చెక్కు తీసి నీళ్ళలో వేసి ఉంచాలి. ఇవన్నీ నాకు నేర్పడానికి ఆవిడ సిద్ధపడుతుంటే నేను ముందే చేసేశాను. మా నాయనమ్మ ఇంట్లోనూ అదే పద్ధతి. ఆదివారం రోకలి ముడితే పాపం. పప్పు శనివారమే రుబ్బి ఉంచేది. పేకాట పాపం, సారా పాపం, పక్కింటివాళ్ళ గురించి చెప్పుకోవడం మాత్రం సహవాసం. డాటీ గారిని చూస్తుంటే మా నాయనమ్మకు తెల్ల రంగు వేసి, చీర విప్పి స్వెటర్ తొడిగినట్టుండేది.

మాది గుంటూరే గానీ, నేను పెరిగింది కర్ణాటకలో, తుంగభద్ర కాలవ కింద. ఆంధ్రా నుంచి పొలాలు కొనుక్కుని వెళ్ళినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. తాత్కాలికంగా వేసిన డేరాల్లాంటి పేరు. డేరాలు పోయి డాబాలు వచ్చినా పేరు మాత్రం మారలేదు. మా తాతయ్య పది క్రైస్తవ కుటుంబాల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. కాలవ వస్తోందన్న సంగతి గుంటూరులో పేపరు చదివేవాళ్ళకు తెలుసు. ఆ మెట్టభూమి దున్నుకుంటున్న కన్నడ రైతుకు తెలియదు. అతనికి తెలిసేలోపు మావాళ్ళు కొనేశారు. దాన్ని తాతయ్య దేవుని చిత్తమనేవాడు. మా క్యాంపు ఆయనకు కనాను దేశం, బైబిల్లో దేవుడు తన ప్రజలకిస్తానని మాట ఇచ్చిన నేల. అయితే ఆ కనానులో ముందునుంచీ కనానీయులు కూడా ఉండేవారన్న అధ్యాయాలు మాత్రం ప్రార్థనలో ఎప్పుడూ చదివించలేదు. ప్రార్థన మందిరంలో పొలమున్నవాళ్ళకు బెంచీలు, గుంటూరు నుంచి నాట్లకు తెచ్చుకున్న కూలీలకు వెనకాల చాపలు. అందరం ఒకే దేవుని పిల్లలమని ముందు బెంచీలోంచి తాతయ్య గొంతెత్తి పాడేవాడు.

మా పొలాలకు పేర్లుండేవి. బసప్ప చేను, ఈరమ్మ చేను, కుంటి మల్లప్ప చేను. అవి నల్లరేగడి, చవుడు లాగా నేలల్లో రకాలనుకునేదాన్ని నేను. ఒకరోజు మా కాలవగట్టు మీద పని చేస్తున్న ముసలాయన్ని ఎవరో బసప్పా అని పిలిస్తే నాకు భలే సంబరమనిపించింది. దగ్గరికి వెళ్ళి, నీకు మా చేను పేరు పెట్టారా తాతా, అని అడిగాను. ఆయన పార ఆపి కాసేపు నన్నే చూశాడు. "కాదు తల్లీ, చేనుకే నా పేరు పెట్టారు" అని మళ్ళీ గట్టు వేసుకోవడంలో పడ్డాడు. తాతయ్యను అడిగితే, "వాడు అమ్మాడు, మనం కొన్నాం" అన్నాడు. అంతకుమించిన చరిత్ర మా ఇంట్లో లేదు. ఈమధ్య మా క్యాంపు పెద్దలు స్వర్ణోత్సవ సంచిక వేస్తూ, తాతయ్య గురించి రాయమని మా తమ్ముడి ద్వారా అడిగించారు. నేను బసప్ప సంగతి కూడా కలిపి రాసి పంపాను. సంచిక వచ్చింది. అడవిని పొలం చేసిన మహానుభావుడని తాతయ్య ఫోటో ఉంది. బసప్ప లేడు. తమ్ముణ్ణి అడిగితే, "స్థలం చాల్లేదంట అక్కా" అన్నాడు.

డాటీ గారి ఇంట్లో చరిత్రకు కొదవ లేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు రాజుగారు స్కాట్లండు నుంచి వీళ్ళ పూర్వీకుల్ని తెచ్చి, ఐర్లండు ఉత్తరాన టైరోన్ అనేచోట భూములిచ్చి కూర్చోబెట్టాడు. అక్కడ రెండు వందల ఏళ్ళ పైన సేద్యం చేశాక, ఒక అన్న అక్కడే ఉండిపోయాడు, తమ్ముడు పడవెక్కి మిషిగన్ వచ్చాడు. ఆ తమ్ముడి సంతానమంతా ఏటా జూలైలో డాటీ గారి పొలంలో కలుస్తారు. కథ చెప్పే హక్కు ఆవిడ తమ్ముడు వాల్టర్‌ది. జీవితమంతా ఇన్సూరెన్సు పాలసీలు అమ్మి రిటైరైన మనిషి, ఆవు పొదుగు ఎన్నడూ ముట్టినవాడు కాదు. టైరోన్ అంటే బురద, తోడేళ్ళు, చిత్తడి, మనిషన్నవాడు లేని నేల, అక్కడ మనవాళ్ళు బైబిలు ఒక చేత్తో, నాగలి ఒక చేత్తో... అని మొదలుపెడితే ఆపేవాడు కాదు. రెండు చేతులూ అలా నిండిపోతే ఎద్దుల్ని ఎవరు తోలారో నాకు ఎప్పటికీ తెలియలేదు. మిషిగన్‌లో కూడా ఎవరూ లేరనే చెప్పేవాడు. ఇంటి వెనక వాగుకు మాత్రం ఎవరి భాషదో ఒక పేరుంది. ఆ పేరుకి స్పెల్లింగు వాళ్ళలో ఒక్కరికీ సరిగ్గా రాదు.

ఆ చరిత్ర గోడ మీద ఫోటోలుగా కూడా ఉండేది. నడిమి వరసలో ఒకచోట మాత్రం మేకు ఉంది, ఫోటో లేదు. అది క్యారల్‌ది అని వాల్టర్ భార్య నాకు వంటింట్లో గుసగుసగా చెప్పింది. డాటీ గారి ఒక్కగానొక్క కూతురు. పోలండు నుంచి వచ్చిన క్యాథలిక్కుల అబ్బాయి స్టాన్‌ని, కార్ల ఫ్యాక్టరీలో పనివాణ్ణి, చేసుకుని హామ్‌ట్రామ్క్‌లో కాపురం పెట్టింది. కారులో ముప్పావుగంట దూరం. క్యాథలిక్కులంటే పడని తల్లి పాతికేళ్ళ పైనుంచి అక్కడ కాలు పెట్టలేదు. క్రిస్మస్‌కి క్యారల్ ఫోన్ చేస్తే డాటీ గారు "బాగున్నాను, అవును, అలాగే" అని, గుడ్డు ఉడికేలోపు పెట్టేసేది.

మేమున్న రెండో వేసవిలో డాటీ గారికి గొప్ప ఆలోచన వచ్చింది. ఐర్లండులో ఆ మొదటి పొలంలోనే ఇప్పటికీ ఉంటున్న చుట్టం ఒకావిడ ఉన్నారని ఎవరో కంప్యూటర్‌లో వెతికి పట్టుకున్నారు. పేరు ఐరీన్. ఆవిణ్ణి ఆ ఏటి కలయికకు పిలిపించింది. నాలుగు వారాల ముందునుంచి పరదాలు ఉతకడం, వెండి చెంచాలు తోమడం. పుణ్యక్షేత్రమే విమానమెక్కి వస్తున్నట్టుండేది ఇంట్లో. వచ్చిన క్షేత్రం పొట్టిగా, గుండ్రంగా, అరవై దాటిన పాడిరైతు. దిగిన గంటలోనే కొట్టం వెనక్కి వెళ్ళి సిగరెట్టు వెలిగించింది. పక్క రైతు మొక్కజొన్న చూసి ఎరువు ఎక్కువైందని తేల్చింది. నా దగ్గరికి వచ్చి, జీన్స్ చవగ్గా దొరికే మాల్ ఎక్కడుందో కనుక్కుంది. మేడ మీదికి వచ్చి, అడక్కుండానే నా చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. కింద రెండు కిటికీలూ తెరుచుకున్నాయి.

కలయిక నాడు పచ్చికలో డేరా వేశారు. వాల్టర్ ఈసారి పిల్లలతో నాటకం కూడా కట్టించాడు. నల్ల అట్ట టోపీలు పెట్టుకున్న వలసరైతులు కొందరు, తోడేళ్ళు కొన్ని. వేషాలు పంచుతున్న ఒక చిన్నమ్మాయి నన్ను చూసి, ఈవిడకు ఏ వేషమని వాల్టర్‌ని అడిగింది. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి, ఆ సీన్‌లో వేరే ఎవరూ లేరని చెప్పాడు. నాటకం అయింది, తోడేళ్ళు ఓడిపోయాయి, ఉపన్యాసం సాగింది. చివర్లో, ఆ పవిత్రమైన నేల నుంచి వచ్చిన మన ఐరీన్ రెండు మాటలు మాట్లాడుతుందని వాల్టర్ మైకు ఇచ్చాడు. ఐరీన్‌కి మైకు అక్కర్లేదు. ఆవుల్ని పిలిచే గొంతు అది.

"వాల్టర్ బాగా చెప్పాడు. ఒక్కటే సరిచెయ్యాలి" అంది. "అక్కడ ఎవరూ లేరన్నాడు. డెవ్లిన్లు ఉండేవాళ్ళు. వాగు పక్కన మంచి నేలంతా వాళ్ళది. మనల్ని తెచ్చి అక్కడ పెట్టాక వాళ్ళు కొండ మీద రాళ్ళలోకి వెళ్ళారు. ఇప్పటికీ ఆ కింది చేనును మేం డెవ్లిన్ల చేను అనే అంటాం."

వాల్టర్ నవ్వు చెరగనివ్వకుండా, ఆ కుటుంబం తర్వాత ఏమైపోయిందో తెలియదేమో కదా అన్నాడు.

"ఎందుకు తెలియదు? నేను వాళ్ళబ్బాయినే చేసుకున్నాను. నా పేరు ఐరీన్ డెవ్లిన్. పొలం ఇప్పుడు నా కొడుకులది. వాళ్ళు వాళ్ళ నాన్న క్యాథలిక్ చర్చికే వెళ్తారు." అని, కాస్త ఆలోచించి, "వెనక్కి ఇచ్చామని అనుకోకండి. ఎవరూ ఏదీ ఇవ్వలేదు. పెళ్ళి చేసుకున్నాం" అని కూర్చుంది.

తోడేలు ముసుగు వేసుకున్న చిన్నమ్మాయి ఒక్కతే చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళందరికీ ఒక్కసారిగా బంగాళాదుంపల సలాడ్ గుర్తొచ్చి బల్లల వైపు లేచారు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకో, మా కాలవగట్టు మీద పార ఆపి నన్ను చూసిన మొహం కనపడింది, నవ్వు ఆగిపోయింది. డాటీ గారు మాత్రం కదల్లేదు. వెండి చెంచాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఉపన్యాసం ఇంకా సాగుతున్నట్టు మైకు వైపే చూస్తూ కూర్చుంది.

రెండు రోజులు ఆవిడ ఐరీన్‌తో మాట్లాడలేదు. మూడోనాడు గిన్నెలు కడుగుతున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఐరీన్ కడుగుతోంది, డాటీ గారు తుడుస్తోంది, నేను అలమరలో పెడుతున్నాను. డాటీ గారు పళ్ళెం వైపే చూస్తూ, "మీ నాన్న ఏమన్నాడు?" అని అడిగింది.

"పెళ్ళికి రాలేదు. మా గడప తొక్కలేదు" అంది ఐరీన్. "ఆవు ఈనలేక ఇబ్బంది పడితే మాత్రం మా ఆయనకే కబురు పెట్టేవాడు. అలాంటివాటిలో మా ఆయన చెయ్యి మంచిది. కొట్టంలో ఇద్దరూ రాత్రంతా మాట్లాడుకునేవాళ్ళు. ఆవు గురించే."

"చివరికి?"

"చివరికి పోయాడు, అందరిలాగే. అప్పుడు పక్కన కూర్చున్నది మా ఆయనే. నాకు పాలు పితికే వేళైంది."

ఐరీన్ అందులో బాధ ఏమీ కలపకుండా చెప్పింది. చెప్పి, సబ్బు నురగ విదిలించి, రేపు మాల్‌కి ఎవరు తీసుకెళ్తారని నన్ను అడిగింది. డాటీ గారు తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తోంది. వారం తిరక్కుండా ఐరీన్ సూట్‌కేసు నిండా జీన్స్‌తో వెళ్ళిపోయింది. వాల్టర్ ఆ ఏడాదికి ఆవిణ్ణి కొంచెం మతి తప్పిన మనిషిగా తీర్మానించాడు. మరుసటి ఏడు ఎప్పటి ఉపన్యాసమే. తోడేళ్ళు మళ్ళీ ఓడిపోయాయి.

ఐరీన్ వెళ్ళాక, అదే ఏడు ఆగస్టులో ఒక శుక్రవారం డాటీ గారు మేడమెట్ల కింద నిలబడి నన్ను పిలిచింది. హామ్‌ట్రామ్క్‌లో ఒక బేకరీ ఉందట, రై రొట్టె బాగుంటుందట, హైవే మీద కారు నడపడం తన వల్ల కాదట. ఓట్స్ జావ తప్ప ఇంకేదీ నోటికి రుచించని మనిషి రొట్టె కోసం ముప్పావుగంట వెళ్తానంటే నాకు అర్థం కాకపోలేదు. నేను అప్పుడే కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో పర్సు మీద బిగుసుకుని ఉన్నాయి. బేకరీ వచ్చింది, దాటిపోయింది. "ఇంకా ముందుకి" అంది. ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టున్న చిన్న ఇళ్ళ వీధిలో ఒకచోట ఆపమంది. ఇంటి నంబరు ఆవిడ వెతుక్కోలేదు.

తలుపు తీసింది జుట్టు సగం నెరిసిన ఆడమనిషి. డాటీ గారి ముక్కే, డాటీ గారి పొడుగే. తల్లిని చూసి తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇంతకాలానికి కూతురి మొహంలోకి చూసి డాటీ గారన్న మొదటి మాట, "ఈ అమ్మాయికి బాత్రూమ్‌కి వెళ్ళాలట" అని.

నాకు అవసరం లేదు. అయినా వెళ్ళాను. అందులో చాలాసేపే ఉన్నాను కూడా, కుళాయి రెండుమూడుసార్లు తిప్పాను. బయటికి వచ్చేసరికి డాటీ గారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. గోడ మీద క్యాథలిక్కుల ఇళ్ళలో ఉండే ఏసుప్రభువు తిరుహృదయం పటం. దానికి వీపు వచ్చేట్టు కుర్చీ తిప్పుకుంది. క్యారల్ స్టవ్ దగ్గర మాకు మొహం చూపించకుండా నిలబడి టీ కాస్తోంది, నీళ్ళు ఎప్పుడో మరిగిపోయినా. పెరట్లోంచి స్టాన్ వచ్చాడు. భారీ మనిషి. చేతులకు మట్టి. కడుక్కుని, చెయ్యి ఇవ్వాలో వద్దో తెలియక తుండుతో తుడుస్తూనే ఉన్నాడు. డాటీ గారు కిటికీలోంచి పెరడు చూసి, "టమాటాలు మరీ దగ్గర దగ్గరగా వేశావు" అంది. "అవునండీ" అన్నాడతను. "ఇక్కడ చోటు తక్కువ."

"చోటు తక్కువైతే మొక్కలు తగ్గించాలి."

"అలాగేనండీ."

అంతకుమించి వాళ్ళిద్దరూ ఆరోజు మాట్లాడుకోలేదు. క్యారల్ కేకు కోసి పెట్టింది. డాటీ గారు ముక్క మొత్తం తింది. మేం లేచేటప్పుడు తల్లీకూతుళ్ళు ఒకరినొకరు ముట్టుకోలేదు, ఏడవలేదు, క్షమాపణలు చెప్పుకోలేదు. కారు దాకా వచ్చిన క్యారల్ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి వదిలేసింది. నాకు ఇంకా నొప్పి తెలుస్తోంది.

హైవే ఎక్కాం. నేను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ట్రక్కుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుపుతున్నాను. చాలా దూరం వచ్చాక డాటీ గారు పర్సు తెరిచి, చేతిరుమాలు తీసి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ మూసింది.

"టీ మరీ పల్చగా పెట్టింది" అంది. "వచ్చే శుక్రవారం మన టీ పొడి కొంచెం తీసుకెళ్దాం."